ఇంకో రెండు

ఆ బడిలో నాకిప్పుడు కుర్చీ లేదు, బల్ల లేదు. నా చేత్తో నేనే రాసిచ్చిన ఒక కాగితంతో అవి పోయాయి. మిగిలింది పిల్లలు పెట్టిన పేరొక్కటే: ఏ పేజీ టీచర్. మొదట్లో ఆ పేరు వింటే ఒళ్ళు మండేది. పోనుపోను లోలోపల మురిసిపోవడం అలవాటైంది. ముప్పయ్యొక్క ఏళ్ళు సాహిత్యం చెప్పి ఆ మాత్రం పేరు తెచ్చుకోవడం తక్కువేమీ కాదనుకున్నాను.

నా పాఠం అలాగే ఉండేది మరి. ఎవరైనా లేచి, "ఈ కథలో అమ్మ చాలా మంచిది టీచర్" అంటే చాలు, "ఏ పేజీ?" అనేదాన్ని.

"అంటే... అలా అనిపించింది టీచర్."

"నీకు ఆకలి కూడా అనిపిస్తుంది. అదీ పరీక్షలో రాస్తావా? ఏ పేజీ, ఏ వాక్యం, తీసి చదువు."

క్లాసంతా పకపకా నవ్వేది. నిలబడ్డ పిల్ల మాత్రం నవ్వేది కాదు. ఆ తేడా అప్పట్లో నాకు పట్టలేదు.

డ్రాయింగ్ గదిలో మూడు కాళ్ళ స్టూలు ఒకటి ఉండేది. ప్రతి ఏడూ మొదటి రోజు దాన్ని మోసుకొచ్చి నా బల్ల మీద పెట్టించేదాన్ని. "దీనికి ఒక కాలు ఊడదీస్తే ఎవరు కూర్చుంటారు?" అని అడిగేదాన్ని. ఎవరూ చెయ్యెత్తరు. "మీరు చెప్పే మాటా అంతే. మూడు కొటేషన్లు చూపించండి, దాని మీద నేను కూర్చుంటాను. చూపించలేదా, సున్నా." నేను కాస్త భారీ మనిషిని. అందుకని ఆ ఉదాహరణ వాళ్ళకు చచ్చినా మరుపు రాదు.

ఇంకో నియమం కూడా ఉండేది. కొటేషన్ గుర్తుల మధ్య పుస్తకంలో ఉన్న మాటే ఉండాలి. "వెళ్ళిపోయింది" అని ఉన్నచోట "వెళ్ళింది" అని రాస్తే అర మార్కు కోత. అర్థం ఒకటే కదా టీచర్ అని గునిసేవాళ్ళు. ఒకటే అయితే రాసినాయన ఆ చిన్నమాటే రాసుకునేవాడు కదా, నీకెందుకంత తొందర అనేదాన్ని. ఇంట్లో మా ఆయన కూడా నన్ను ఆటపట్టించేవాడు. ఆయన కోర్టులో టైపిస్టుగా చేసి రిటైరైన మనిషి. "నాకు ఒళ్ళు వెచ్చగా ఉందంటే నీ చెయ్యి నుదుటి మీదకి రాదు, థర్మామీటరు మీదకి పోతుంది" అనేవాడు.

ఇక పిచ్చుక సంగతి. తొమ్మిదో తరగతి పిల్ల. అరచేతిలో పట్టేంత మనిషి, సన్నని గొంతు, దానికి తోడు ఉబ్బసం. ఆయాసం వచ్చినప్పుడు ఛాతీలోంచి కీచుకీచుమని వినిపించేది. అందుకే ఆ పేరు. తండ్రి బస్సుల డిపోలో టైర్లు మారుస్తాడు. తల్లి లేదు. పిల్ల బడి వెనకున్న హాస్టల్లో ఉండేది.

మా పాఠ్యపుస్తకంలో ఒక కథ ఉంది. అక్క తన చెల్లెలి తప్పు తన మీద వేసుకుంటుంది. ఏళ్ళ తరబడి పిల్లలందరూ ఒకటే రాసేవాళ్ళు, అక్కకు చెల్లెలంటే ప్రాణమని. పిచ్చుక లేచి, "అక్కకు చెల్లెలంటే ఇష్టం లేదు టీచర్" అంది. ఏ పేజీ అన్నాను. వరసగా మూడు చదివింది. చెల్లెలికి చిరిగిన దుప్పటి ఇచ్చిన వాక్యం. చెల్లెలు దగ్గితే అక్క అటు తిరిగి పడుకున్న వాక్యం. బయటివాళ్ళ ముందు మాత్రం చెల్లెల్ని పేరు పెట్టి పిలిచిన వాక్యం. ముప్పయ్యేళ్ళుగా ఆ కథ చెబుతున్నాను, నాకు కనిపించలేదు. ఆ రోజు ఇంటికి వెళ్ళి మా ఆయనకు రెండుసార్లు చెప్పాను. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఈ మాటకు నా దగ్గర మూడు కొటేషన్లు లేవు, అయినా నిజమే.

ఆరో తేదీ మధ్యాహ్నం స్టాఫ్ రూములో నేనొక్కదాన్నే ఉన్నాను. అర్ధసంవత్సర పరీక్ష పేపర్లు ఇంత ఎత్తున ముందున్నాయి. పిచ్చుక తలుపు దగ్గర నిలబడింది.

"టీచర్, ఒక మాట చెప్పాలి."

"చెప్పు."

"వార్డెనమ్మ పిల్లల్ని పరుపుల గదిలో పెట్టి తాళం వేస్తోంది."

మెట్ల కింద కిటికీ లేని గది ఒకటుంది. చిరిగిన పరుపులు, విరిగిన మంచాలు అందులో పడేస్తారు. నేను తల ఎత్తలేదు, పేపరు దిద్దుతూనే ఉన్నాను. "ఎవర్ని? ఎప్పుడు?"

"ఆరో తరగతి చిన్నదాన్ని. పక్క తడిపిందని. తలుపు తియ్యండమ్మా అని అడగడానికి వెళ్తే, నన్నూ లోపలికి తోసింది. నాలుగో తేదీ, సాయంత్రం ఆటల గంటలో."

"ఆవిడేమంది? నీ మాటలు కాదు, ఆవిడ మాటలు చెప్పు."

"'ఇక్కడ ఎంత అరిచినా పరుపులే వింటాయి' అంది టీచర్."

మంచి వాక్యం అనిపించింది నాకు. సిగ్గు విడిచి చెబుతున్నాను, మొదట అలాగే అనిపించింది. పిల్ల చీకట్లో దుమ్ములో గంటసేపు ఎలా ఊపిరి తీసుకుందన్నది తర్వాత తట్టాల్సింది, అదీ తట్టలేదు. ఒక్క సంఘటనతో వెళ్తే పెద్ద టీచర్ నవ్వి పంపేస్తుందని మాత్రం తట్టింది. మా హెడ్మిస్ట్రెస్‌ను అందరం పెద్ద టీచర్ అనేవాళ్ళం. ఆవిడ సంగతి నాకు తెలుసు. ఒక్కటి చాలదమ్మా, ఇంకో రెండు ఉంటే బాగుంటుంది అన్నాను.

"సరే టీచర్" అని వెళ్ళిపోయింది. నేను తర్వాతి పేపరు తీశాను.

ఆ తర్వాత ఆ సంగతి నా బుర్రలోకే రాలేదు. పేపర్లు, మార్కుల పట్టికలు, మా ఆయన కంటి ఆపరేషను. ఇవన్నీ నిజమే, ఏదీ సాకుగా పనికిరాదు.

పంతొమ్మిదో తేదీ ఆదివారం. నేను బడిలో లేను. హాస్టలు వంటావిడ చింపిరి గుడ్డలేవో కావాలని పరుపుల గది తాళం తీయించింది. పిచ్చుక తలుపు పక్కనే బోర్లా పడి ఉంది, పెదాలు నీలంగా. వంటావిడే ఆ పిల్లను భుజాన వేసుకుని రోడ్డు దాకా పరిగెత్తింది. ఆవిడ పరిగెత్తబట్టి పిల్ల దక్కింది. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, ఇక హాస్టలు మాట తలపెట్టొద్దు అన్నారు డాక్టర్లు. తండ్రి డిపో పనికి వెళ్తూ రోజూ తీసుకొచ్చి దింపేంత దగ్గరలో వాళ్ళ ఇల్లు లేదు. చదువు ఆగిపోయినట్టే.

విచారణ వేశారు. పెద్ద టీచర్, బడి కమిటీ నుంచి ఒక లాయరు, ఉపాధ్యాయుల తరఫున నేను. "సాక్ష్యాల విషయంలో మిమ్మల్ని మించినవాళ్ళు ఎవరున్నారు?" అంది పెద్ద టీచర్. పొగిడిందనుకుని ఒప్పుకున్నాను.

మొదటి రోజు వార్డెన్ వచ్చింది. కళ్ళజోడు తాడుతో మెళ్ళో కట్టుకుని, వాచిన మోకాళ్ళతో మెల్లగా వచ్చి కూర్చుంది. ఎనభై నాలుగు మంది పిల్లలకు ఆవిడొక్కతే. అది కూడా అబద్ధం కాదు.

"ఆ పిల్లకు నేనంటే భయం లేదు సార్," అంది లాయరుతో. "పదమూడో తేదీ వచ్చి నా కుర్చీలో కూర్చుంది. లెమ్మంటే లేవదు. నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. ఆదివారం నాడు హాస్టలు గంట దాచేసింది. నేను ఊరంతా వెతుకుతుంటే తనే తెచ్చి చేతిలో పెట్టి, 'నేనే దాచానమ్మా' అంది. నన్ను ఆ గదిలో పెట్టు, పెట్టు అని బతిమాలినట్టే ఉంది సార్. ఏం పిల్లో నాకర్థం కాలేదు."

నాక్కూడా అర్థం కాలేదు, ఆ నిమిషానికి.

తర్వాత లాయరు పిచ్చుక ఫిర్యాదు తీశాడు. ఆసుపత్రి మంచం మీద రాసింది, గీతల కాగితాలు రెండు. అక్షరాలు అక్కడక్కడ వంకర పోయాయి గానీ వరస తప్పలేదు. లాయరు పైకి చదివాడు.

"మాట: వార్డెనమ్మ పిల్లల్ని పరుపుల గదిలో పెట్టి తాళం వేస్తోంది. ఆధారం ఒకటి, నాలుగో తేదీ: 'ఇక్కడ ఎంత అరిచినా పరుపులే వింటాయి.' ఆధారం రెండు, పదమూడో తేదీ: 'అలవాటైపోయిందా? అయితే భోజనాల గంట దాకా ఉండు.' ఆధారం మూడు, పంతొమ్మిదో తేదీ: 'ఇన్‌హేలర్ ఇక్కడ పెట్టి పో. నాటకాలాడేవాళ్ళకు మందెందుకు?' వివరణ: దీన్నిబట్టి ఆమె తెలిసే చేసిందని, ఒక్కసారి పొరపాటున జరిగింది కాదని అర్థమవుతుంది."

లాయరు కాగితం కింద పెట్టి నవ్వాడు. "ఈ పిల్ల ఫిర్యాదు రాసిందా, పరీక్ష రాసిందా?"

"మా టీచర్ గారి శిష్యురాలు" అంది పెద్ద టీచర్, నా వైపు చూసి, కాస్త గర్వంగానే.

నేను తేదీలు చూస్తున్నాను. నాలుగు. పదమూడు. పంతొమ్మిది. ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది ఆరున. మొదటిది నాకు తెచ్చి చూపించింది. మిగతా రెండూ నా కోసం తెచ్చింది. కుర్చీలో కూర్చున్నది అందుకు. గంట దాచింది అందుకు. వార్డెన్ నోట్లోంచి రెండు వాక్యాలు రాబట్టడానికి ఆ పిల్ల తన కాళ్ళతో తానే నడుచుకుంటూ ఆ చీకటి గదిలోకి రెండుసార్లు వెళ్ళింది. గ్లాసెడు నీళ్ళు తాగాను. ఎండగా ఉంది కదా అంది పెద్ద టీచర్.

సాయంత్రం ఇంట్లో మా ఆయనకు అంతా చెప్పాను. కంటికి పచ్చ అట్ట కట్టుకుని కూర్చున్నాడు.

"రేపు ఆ పిల్లను అడుగుతారా?" అన్నాడు.

"అడుగుతారు."

"నిన్ను అడుగుతారా?"

"నన్నెందుకు అడుగుతారు, నేను ఇవతలి కుర్చీలో ఉన్నాను కదా."

"అయితే నోరు మెదపకు. కోర్టులో ముప్పయ్యేళ్ళు టైపు కొట్టాను నేను. ఎవరూ అడక్కుండా జవాబు చెప్పినవాళ్ళు ఏమయ్యారో నా వేళ్ళకు తెలుసు. రిటైర్మెంటుకు నీకింకా నాలుగేళ్ళుంది."

ఆయన మీద కోపం వచ్చింది. ఆయన సరిగ్గా నేను వినాలనుకున్నదే చెప్పినందుకు వచ్చింది.

మర్నాడు పిచ్చుకను తీసుకొచ్చారు. సగానికి సగం అయిపోయింది. తండ్రి వెనకాల నిలబడ్డాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. ఆయన గోళ్ళ చుట్టూ నలుపు, ఎంత తోమినా పోనిది.

"మా అమ్మాయి అబద్ధం చెప్పదండీ" అన్నాడు ఎవరూ అడక్కుండానే.

"చెప్పిందని ఎవరన్నారు?" అని లాయరు పిల్ల వైపు తిరిగాడు. "మొదటిసారి పెట్టినప్పుడు భయమేసిందా?"

"వేసింది సార్."

"ఊపిరాడలేదా?"

"ఆడలేదు సార్."

"మరి మళ్ళీ ఎందుకు వెళ్ళావు? కుర్చీలో కావాలనే కూర్చున్నావా?"

"అవును సార్."

"గంట కావాలనే దాచావా?"

"అవును సార్."

పెద్ద టీచర్ నిట్టూర్చింది. లాయరు కలం తెరిచి పట్టుకున్నాడు. "ఎవరైనా చెప్పి చేయించారా?"

పిచ్చుక ఊపిరి తీసుకోవడానికి కాస్త సమయం పట్టింది. ఆ పిల్ల నా వైపు చూడలేదు, లాయరు కలం వైపు చూసింది.

"చెప్పలేను సార్."

"చెప్పలేవా? ఎవరూ చెప్పలేదా?"

"చెప్పలేను సార్."

లాయరు విసుగ్గా తలాడించి కాగితం మీద రాసుకున్నాడు. పక్క కుర్చీ నాదే కాబట్టి ఏం రాశాడో నాకు కనిపించింది. "ఎవరూ చెప్పలేదని విద్యార్థిని అన్నది." "వెళ్ళింది"కి "వెళ్ళిపోయింది"కి అర మార్కు కోసిన మనిషిని నేను. ఆ వాక్యం చూశాను, చూసి ఊరుకున్నాను.

తీర్పు రెండు రోజుల్లో టైపై వచ్చింది. విద్యార్థిని ఉద్దేశపూర్వకంగా పదేపదే క్రమశిక్షణ ఉల్లంఘించింది. వార్డెన్‌కు మందలింపు. పరుపుల గదికి ఇకమీదట తాళం ఉండకూడదు. ఆరోగ్య కారణాల వల్ల విద్యార్థినికి టీసీ ఇచ్చి పంపవలెను. కింద మూడు సంతకాలకు చోటుంది. మూడో చోట నేనూ సంతకం పెట్టాను.

ఆ తర్వాత పదకొండు రోజులు నేను ఒక కథ అల్లుకున్నాను. పిచ్చుక నా పేరు చెప్పకుండా నన్ను కాపాడింది. నేనంటే అంత ప్రేమ. క్లాసులో సుద్దముక్క పట్టుకుంటే ఏడుపొచ్చేది. ఆ ఏడుపులో కొంచెం సుఖం కూడా ఉండేది, దాన్నిప్పుడు దాచడం దేనికి?

పన్నెండో రోజు మధ్యాహ్నం, ఇంటర్వెల్లో, తండ్రీకూతుళ్ళు టీసీ కోసం వచ్చారు. తండ్రి వరండాలో ఇనప్పెట్టె పక్కన నిలబడ్డాడు. పిచ్చుక లైబ్రరీ పుస్తకం ఇవ్వడానికి నా క్లాసులోకి వచ్చింది. గదిలో ఎవరూ లేరు. మూడు కాళ్ళ స్టూలు మూల పడి ఉంది. ఆ పిల్లను దాని మీద కూర్చోమన్నాను, మెట్లెక్కి వచ్చిన ఆయాసం తీరేదాకా. ఆ కీచుమనే చప్పుడు ఇంకా తగ్గలేదు.

"ఆ రోజు నువ్వు నా పేరు చెప్పలేదు," అన్నాను. "నన్నెందుకు కాపాడావమ్మా?"

పిచ్చుక నా మొహంలోకి చూసింది. నిజంగానే అర్థం కానట్టు చూసింది.

"కాపాడలేదు టీచర్. ఆధారం లేదు కదా."

"ఏమిటి?"

"మీరు నోటితో అన్నారు. ఎక్కడా రాయలేదు. అప్పుడు స్టాఫ్ రూములో ఇంకెవరూ లేరు." ఊపిరి తీసుకుంది. "పైగా మీరు ఒక్కసారే అన్నారు. నా దగ్గర మూడు లేవు."

ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. దెప్పినా పడేదాన్ని. క్లాసులో లేచి జవాబు చెప్పినట్టే చెప్పింది, తప్పు పోకుండా. ఆ పిల్లకు నేనంటే ప్రేమ ఉందో లేదో నాకు తెలీదు. నేను నేర్పినది మాత్రం అక్షరం పొల్లు పోకుండా ఉంది.

టేబులు సొరుగులోంచి కాగితం తీశాను. పరుపుల గది సంగతి ఈ విద్యార్థిని నాకు ముందే చెప్పిందని రాశాను. లాయరు రాసుకున్న మాట ఆ పిల్ల అన్న మాట కాదని రాశాను. ఆ రోజు నేను, కొటేషన్ గుర్తులు పెట్టి, "ఇంకో రెండు ఉంటే బాగుంటుంది" అన్నానని రాశాను. కింద సంతకం చేశాను. నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా. పిచ్చుక చేతికిచ్చాను.

"ఇదిగో, నీకు పేజీ. పెద్ద టీచర్‌కి ఇవ్వు, లాయరుకివ్వు, మీ నాన్న ఎవరికివ్వమంటే వాళ్ళకివ్వు."

ఆ పిల్ల ఒక్కో మాట కింద వేలు పెట్టి చదివింది. కొటేషన్ దగ్గర వేలు ఆగింది.

"టీచర్, మీరన్నది ఇది కాదు."

"కాదా?"

"'ఇంకో రెండు ఉంటే బాగుంటుంది' అనలేదు. 'ఇంకో రెండు తీసుకురా, అప్పుడు చూద్దాం' అన్నారు."

అవును. అలాగే అన్నాను. నేరం ఒప్పుకునే కాగితంలో కూడా నా మాటను నేనే మెత్తగా చేసుకున్నాను. మొదట్లో మీకు చెప్పినప్పుడూ అలాగే చేశాను, పైకి వెళ్ళి చూసుకోండి. అక్కడ దిద్దలేదు. ఉన్నది ఉన్నట్టుగా ఉండనిచ్చాను.

కాగితంలో మాత్రం కొట్టేసి, ఆ పిల్ల చెప్పినట్టే రాశాను. మళ్ళీ చదివింది.

"తేదీ టీచర్."

తేదీ వేశాను. ఆ పిల్ల కాగితం మడవబోయి ఆగింది.

"ఇది ఒక్కటే కదా టీచర్. సరిపోతుందా?"

ముప్పయ్యొక్క ఏళ్ళలో ఆ ప్రశ్నకు నేను తడుముకున్నది లేదు. చాలదు, కూర్చో, ఇంకో రెండు వెతుకు అని టకీమని అనేదాన్ని. ఆ రోజు తెలీదన్నాను. ఇప్పుడైతే తెలుసు. నా కుర్చీ పోవడానికి ఆ కాగితం సరిపోయింది. వార్డెన్ నడుముకున్న తాళంచెవులు ఊడదీయడానికి సరిపోలేదు. ఒక్క మనిషి మాట, అదీ ఆలస్యంగా చెప్పిన మాట అన్నాడట లాయరు.

పిచ్చుక కాగితం నాలుగు మడతలు పెట్టి, జేబులో ఇన్‌హేలర్ పక్కన పెట్టుకుంది. వెళ్ళొస్తాను టీచర్ అంది. తండ్రి నాకు దణ్ణం పెట్టి, ఇనప్పెట్టె భుజానికెత్తుకుని ముందు నడిచాడు. నేను వరండా దాకా వెళ్ళాను. మెట్ల మధ్యలో పిల్ల గోడ పట్టుకుని ఆగింది. తండ్రి కింది మెట్టు మీద, బరువు దించకుండానే, దానికి ఊపిరి అందేదాకా నిలబడ్డాడు.